తొమ్మిది నాట్ల వేగం ఎక్కడ పోయింది: మా చెరొకీతో నాలుగు నెలలు

2024 అక్టోబరు 19, శనివారం. డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న మా చిన్న విమానాశ్రయం నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు బయలుదేరాం. అక్కడి పసిఫిక్ యుద్ధ మ్యూజియం చూడాలని నా మిత్రుడు ఎప్పటినుంచో అంటున్నాడు. దూరం సుమారు 210 నాటికల్ మైళ్ళు. మామూలుగా గంటా యాభై నిమిషాల ప్రయాణం. ఆ రోజు రెండు గంటల ఏడు నిమిషాలు పట్టింది. ఎదురుగాలి అనుకుని ఊరుకున్నాం. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసింది. అయినా గంటా యాభై రెండు నిమిషాలు పట్టింది. వెళ్ళేటప్పుడు అడ్డుపడిన గాలి వచ్చేటప్పుడు ఆ మేరకు కలిసిరావాలి కదా! దిగి, విమానాన్ని హ్యాంగర్‌లోకి నెడుతున్నప్పుడు కూడా ఆ లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మాది 1969లో తయారైన పైపర్ చెరొకీ 180, ఒకే ఇంజను ఉన్న నాలుగు సీట్ల చిన్న విమానం. ముగ్గురం కలిసి కొనుక్కున్నాం: నేను, వరంగల్ నుంచి వచ్చిన నా సహోద్యోగి, రిటైరైన ఒక అమెరికన్ ఉపాధ్యాయుడు. మా నాన్నగారు స్కూటర్‌లో పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆ అలవాటే నాకూ వచ్చింది. ప్రతి ప్రయాణంలో ఎత్తు, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో), వేగం ఒక నోట్‌బుక్‌లో రాస్తాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి అది తెరిచాను. సెప్టెంబరు 28న 7,500 అడుగుల ఎత్తులో, ఇంజను శక్తిని పెంచే థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండగా 2,620 ఆర్‌పీఎం, 117 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు). ఇప్పుడు గాలి లెక్క తీసేస్తే 108. మూడు వారాల్లో తొమ్మిది నాట్లు పోయాయి.

మొదటి వారం ముగ్గురం ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. ఆ అక్టోబరులో టెక్సస్‌లో ఎండలు తగ్గనే లేదు. వేడిగాలి పలచగా ఉంటుంది కాబట్టి విమానం నెమ్మదిగా పోతోందని సరిపెట్టుకున్నాం. కానీ ఉష్ణోగ్రత తేడాను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తొమ్మిది నాట్లు తిరిగి రాలేదు.

"అన్నా, స్పీడు మీటరే తప్పు చూపిస్తోందేమో" అన్నాడు మా వరంగల్ మిత్రుడు. ఎదురుగా వచ్చే గాలి ఒత్తిడిని మీటరుకు చేర్చే గొట్టంలో చిన్న లీకు ఉన్నా వేగం తక్కువగా కనిపిస్తుంది. సబబుగానే తోచింది. పరికరాలు పరీక్షించేవారికి ఫోను చేస్తే పదకొండు రోజుల తరువాత రమ్మన్నారు. నవంబరు 6న తీసుకెళ్ళాం. రెండు గంటల పని, 380 డాలర్లు. లీకు లేదు, మీటరు సరిగానే ఉంది.

డబ్బు కట్టి ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు, ఆ సంగతి నేనే తేల్చుకోగలిగేవాడినని. నవంబరు 9 ఉదయం, గాలి స్థిరంగా ఉన్నప్పుడు 6,500 అడుగులకు ఎక్కి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర దిక్కులకు ఒక్కొక్క వైపు మూడేసి నిమిషాలు నడిపాను. జీపీఎస్ చూపిన నేల వేగం ఉత్తరానికి 121, తూర్పుకు 112, దక్షిణానికి 94, పడమరకు 105. నాలుగూ కలిపి సగటు తీస్తే గాలి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. సగటు 108. మా స్పీడు మీటరు పాతది, మైళ్ళలో చూపిస్తుంది. అది 113 మీద నిలిచి ఉంది. ఆ ఎత్తుకు, ఆ ఉష్ణోగ్రతకు సరిచూస్తే అదీ 108 నాట్లే. మీటరులో తప్పు లేదని ఒక గంట పెట్రోలు ఖర్చుతో తేలింది. మీకెవరికైనా ఇటువంటి అనుమానం వస్తే ముందు ఈ నాలుగు దిక్కుల ప్రయాణం చేయండి. మిగిలినవన్నీ తరువాత.

ఆ ప్రయాణంలో ఆర్‌పీఎం 2,620 కాదు, 2,450 దగ్గరే ఆగిపోయిందని కూడా రాసుకున్నాను. కానీ దాని అర్థం తప్పుగా తీసుకున్నాను. రెక్కలో ఎక్కడో వంకర వచ్చి గాలి నిరోధం పెరిగి ఉంటుంది, అందువల్ల ప్రొపెల్లర్ మీద భారం పడి ఆర్‌పీఎం తగ్గి ఉంటుంది అనుకున్నాం. ఇది పూర్తిగా తప్పు మాట కాదు, అలా జరగడానికి వీలుంది. పైగా ఎడమ ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలక) కుడిదానికంటే కొద్దిగా కిందికి వాలినట్టు కనిపించింది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం. నవంబరు 18 నుంచి 22 దాకా విమానం ఒక షాపులో ఉంది. ఫ్లాప్‌లు, విమానాన్ని పక్కకు ఒరిగించే ఎయిలరాన్‌లు సరిచేశారు. 560 డాలర్లు. 24న మళ్ళీ నాలుగు దిక్కులూ తిరిగాను. 108.

ఇక్కడ నేను చేసిన ఒక పని గురించి రాయాలి. నవంబరు 30న, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, నా భార్యను, తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని తీసుకుని రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కు వెళ్ళాను. విమానం కాస్త నెమ్మదిగా పోతోంది, అంతే కదా, ఇంజను శబ్దం బాగానే ఉంది కదా అనుకున్నాను. ఆ ఉదయం చలి గట్టిగా ఉంది. క్యాబిన్ హీటర్ పూర్తిగా తెరిచాను. నలభై నిమిషాల ప్రయాణం. వెనక సీట్లో అమ్మాయి ఎక్కిన పది నిమిషాలకే నిద్రపోయింది. దిగిన తరువాత నా భార్య కణతలు నొక్కుకుంటూ తల పగిలిపోతోంది అంది. ఇంజను మోత వల్ల అన్నాను. తిరుగు ప్రయాణంలోనూ అమ్మాయి నిద్రపోయింది. కారెక్కాక వాంతి చేసుకుంది. తిన్నది పడలేదు, పైగా కుదుపులు అనుకున్నాం. నాకూ ఆ సాయంత్రం తల దిమ్ముగానే ఉంది.

డిసెంబరు 7న మా హ్యాంగర్ వరుస చివర ఉండే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. యాభై ఏళ్ళుగా విమానాల మరమ్మతు చేస్తున్న మెకానిక్. ఇప్పుడు ఎంచుకున్న కొద్దిమందికే చేస్తారు. నా కథంతా విని ఒకే ప్రశ్న అడిగారు: "ఇంతకుముందు మీరు ఎప్పుడైనా 2,450 ఆర్‌పీఎం దగ్గర నడిపారా? అప్పుడు వేగం ఎంత వచ్చింది?"

నోట్‌బుక్ నా చేతిలోనే ఉంది. పేజీలు వెనక్కి తిప్పాను. 2023 ఆగస్టులో ఒక స్నేహితుడి విమానంతో పక్కపక్కనే వెళ్ళడానికి థ్రాటిల్ తగ్గించి నడిపిన రోజు ఉంది. 2,450 ఆర్‌పీఎం, 109 నాట్లు.

"అయితే విమానం దేహంలో ఏ తప్పూ లేదు" అన్నారు ఆయన. మా ప్రొపెల్లర్ రెక్కల కోణం మారదు. గట్టిగా ఒకే ముక్కగా ఉంటుంది. అటువంటి ప్రొపెల్లర్ అదే ఎత్తులో అదే ఆర్‌పీఎంతో తిరిగితే విమానం ఇంచుమించు అదే వేగంతో పోవాలి. ఫ్లాప్ వాలి ఉన్నా, నిరోధం పెరిగినా, అదే ఆర్‌పీఎంకు వేగం తగ్గాలి. మాకు తగ్గలేదు. తగ్గింది ఇంజను తిప్పగలిగే శక్తి. అంటే ఆరు వారాలు మేము తప్పు చోట వెతికాం. జవాబు మొదటి రోజు నుంచీ నా నోట్‌బుక్‌లోనే ఉంది. పక్కపక్కన పెట్టి చూడవలసిన రెండు వరుసలను నేను పెట్టి చూడలేదు.

అక్కడి నుంచి పని ఒక క్రమంలో సాగింది. ముందు ఆర్‌పీఎం మీటరు నిజం చెబుతోందా అని చూశారు. అందుకు వాడింది అరచేతిలో పట్టే ఒక చిన్న పరికరం. అద్దంలోంచి ప్రొపెల్లర్ వైపు చూపిస్తే రెక్కల నీడలను లెక్కబెడుతుంది. ఎన్ని రెక్కలో ముందే అందులో సరిగ్గా పెట్టాలి. మా మీటరు 30 ఎక్కువ చూపిస్తోంది, అంతే. తరువాత చక్రాలకు దిమ్మెలు పెట్టి, బ్రేకులు గట్టిగా తొక్కి, నిలబెట్టిన చోటే థ్రాటిల్ పూర్తిగా తెరిచాం. 2,180. మా ఇంజనుకూ ప్రొపెల్లర్‌కూ ఉండవలసిన కనిష్ఠం కంటే అది బాగా తక్కువ. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఏడాదికొకసారైనా దీన్ని చేసి రాసుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

సిలిండర్లు గాలి ఒత్తిడిని ఎంత నిలుపుతాయో చూసే కంప్రెషన్ పరీక్షలో 80కి 76, 74, 77, 75. చక్కగా ఉన్నాయి. ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోల టైమింగ్ సరిగానే ఉంది. ప్లగ్గులు శుభ్రంగా ఉన్నాయి. థ్రాటిల్ తీగ కార్బురేటర్ చెయ్యిని చివరిదాకా లాగుతోంది. కార్బురేటర్‌లోకి వేడిగాలి పంపే తలుపు మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు. ఎప్పుడూ కొంత వేడిగాలి లోపలికి పోతోంది. దాని సీలు మార్చారు, 45 డాలర్లు. డిసెంబరు 14న ఎగిరితే 110 నాట్లు. రెండు నాట్లు తిరిగి వచ్చాయి. నేను సంతోషపడ్డాను. ఆయన పడలేదు. "ఇది మీ జబ్బు కాదు, పక్కన ఉన్న చిన్న పుండు" అన్నారు.

ఆ తరువాత ఆయన క్యామ్ షాఫ్ట్ పేరు ఎత్తారు, అంటే ఇంజను వాల్వులను తెరిచే ఇరుసు. మాకు ఉన్నటువంటి లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో అది ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్ షాఫ్ట్‌కు పైన ఉంటుంది. విమానం వారాల తరబడి ఎగరకుండా ఉంటే దాని మీది నూనె జారిపోయి తుప్పు పడుతుంది. తరువాత దాని మీద వాల్వులను నెట్టే ఉబ్బెత్తు భాగాలు అరిగిపోతాయి. వాల్వులు తెరుచుకోవలసినంత తెరుచుకోవు. కంప్రెషన్ పరీక్షలో ఇది బయటపడదు, ఎందుకంటే ఆ పరీక్ష చేసేది వాల్వులు మూసి ఉన్నప్పుడే. అదే నిజమైతే ఇంజను మొత్తం విప్పాలి. ఒక షాపును అడిగితే 38,000 డాలర్లు, ఎనిమిది నెలలు అన్నారు. క్రిస్మస్ సెలవులన్నీ ఆ అంకెతోనే గడిచాయి. ముగ్గురం కూర్చుని విమానం అమ్మేద్దామా అని కూడా మాట్లాడుకున్నాం. రిటైరైన మా భాగస్వామి తన వాటా డబ్బు పెట్టలేనని నెమ్మదిగా చెప్పినప్పుడు మేమిద్దరం ఏమీ అనలేకపోయాం.

జనవరి 4న వాల్వుల పైన ఉండే రాకర్ మూతలు తీశారు. వాల్వు కాడ మీద డయల్ గేజి ఆనించి, ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ప్రతి వాల్వూ ఎంత కదులుతోందో కొలిచారు. ప్రొపెల్లర్ తిప్పే పని నాది. ఒక్కొక్క అంకె ఆయన పైకి చదువుతుంటే మా మిత్రుడు రాశాడు. ఎనిమిది వాల్వులూ సమానంగా లేచాయి. నూనె ఫిల్టర్ కోసి, మడతలు విప్పి వెలుతురులో చూశాం. లోహపు రజను లేదు. నేను హ్యాంగర్ బయటికి వెళ్ళి కాసేపు ఒంటరిగా నిలబడ్డాను. 38,000 డాలర్ల భయం పోయింది. కానీ కారణం ఇంకా దొరకలేదు.

మరుసటి శనివారం, జనవరి 11. పెద్దాయన ముందే వచ్చి ఇంజను మూత కింది భాగం విప్పి ఉంచారు. "గాలి లోపలికి పోతోంది. పెట్రోలు పోతోంది. నిప్పు అంటుకుంటోంది. పొగ బయటికి పోతోందా?" అని రబ్బరు సుత్తి తీసుకుని మఫ్లర్ మీద మెల్లగా తట్టారు. మన బండ్లకు ఉండే సైలెన్సర్ వంటిదే అది. లోపల నుంచి గలగలమని చప్పుడు వచ్చింది, కొబ్బరి చిప్పలో గులకరాయి వేసి ఊపినట్టు. ఆయన ఒక్క క్షణం ఆగి మళ్ళీ తట్టారు. మళ్ళీ అదే చప్పుడు.

పొగ గొట్టంలోంచి సన్నని కెమెరా తీగ పంపించారు. ఫోను తెర మీద మొదట మసి తప్ప ఏమీ కనిపించలేదు. తీగ ఇంకా లోపలికి పోయాక, గుండ్రంగా తెరుచుకుని ఉండవలసిన దారికి అడ్డంగా ఒక రేకు ముక్క నిలబడి ఉంది. మఫ్లర్ లోపల చిల్లులున్న ఒక గొట్టం ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి అది విరిగింది. విరిగిన ముక్క జారి బయటికి పోయే రంధ్రానికి అడ్డుపడింది. సగానికి పైగా మూసేసింది. పొగ పూర్తిగా బయటికి పోలేకపోతే సిలిండర్‌లోకి కొత్త గాలి నిండుగా రాదు. ముక్క ఎటు దొర్లితే అటు శక్తి మారుతుంది. విడిచిన వేరుశనగ గుల్లలా అంచులు వంపు తిరిగి, మీద బూడిద రంగు పొరతో ఉన్న ఆ ముక్కను తరువాత చేతిలోకి తీసుకున్నాను. అరచేయంత కూడా లేదు. వేలితో వంచితే పుటుక్కున విరిగింది.

నేను నవ్వుతున్నాను. మా మిత్రుడు ఫోటోలు తీస్తున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వకుండా మఫ్లర్ చుట్టూ ఉన్న రేకు తొడుగు స్క్రూలు విప్పుతున్నారు. ఆ తొడుగులోంచి పోయే గాలే వేడెక్కి క్యాబిన్ హీటర్‌గా మా కాళ్ళ దగ్గరికి వస్తుంది. తొడుగు ఊడగానే మఫ్లర్ అతుకు వెంట తెల్లని, బూడిద రంగు చారలు కనిపించాయి. గొట్టం ఒక చివర మూసి గాలి పంపి, సబ్బు నీళ్ళు పోశారు. అతుకు పొడుగునా బుడగలు లేచాయి. మూడు అంగుళాల పగులు.

"ఈ చలికాలంలో హీటర్ వేశారా?" అని అడిగారు.

నవంబరు 30 మొత్తం ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చింది. అమ్మాయి ఎక్కిన పది నిమిషాలకే నిద్రపోవడం, నా భార్య కణతలు నొక్కుకోవడం, కారులో వాంతి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. డ్యాష్ మీద అంటించిన కార్డు ఉంది, మధ్యలో చుక్క నల్లబడితే ప్రమాదమని. వెళ్ళి చూశాను. చుక్క నల్లబడలేదు. కానీ దాని వెనక మేము రాసిన తేదీ రెండేళ్ళ కిందటిది. ఎప్పుడో కాలం చెల్లిపోయిన కార్డును చూసుకుంటూ ధైర్యంగా ఎగిరాం. వార్షిక తనిఖీ పుస్తకంలో మఫ్లర్ చూసినట్టు ఒక వాక్యం ఉంది. తొడుగు విప్పి చూశారో లేదో ఆ వాక్యం చెప్పదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి అమ్మాయి పడుకున్నాక నా భార్యకు అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను తలనొప్పి అన్నప్పుడు నువ్వు ఇంజను మోత అన్నావు" అంది. అంతే అంది. ఆ మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

జనవరి 13న బాగుచేసిన మఫ్లర్ కోసం ఆర్డరు పెట్టాం. మార్పిడి పద్ధతిలో 820 డాలర్లు, రవాణాకు 70. పాతది తిరిగి పంపేదాకా విడిగా డిపాజిట్ కూడా కట్టాలి. ఇది మాకు ముందు తెలియదు, ఆ డబ్బు నెల రోజులు ఇరుక్కుపోయింది. సంక్రాంతి నాడు ఇంట్లో అరిసెలు వండుతుంటే నేను ఫోనులో పార్సెల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ కూర్చున్నాను. మూడు వారాలు పట్టింది. ఫిబ్రవరి 3న వచ్చింది. పాతది విప్పేటప్పుడు తుప్పు పట్టిన బోల్టులకు రాత్రంతా నూనె పట్టించి ఉంచినా ఒకటి విరగనే విరిగింది. దాన్ని తీసి కొత్తది వేయడానికే సగం రోజు పోయింది.

ఫిబ్రవరి 8 ఉదయం నిలబెట్టిన చోట పూర్తి థ్రాటిల్: 2,340. రన్‌వే మీద వీపు సీటుకు అదుముకున్నప్పుడే అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ తోపు తగ్గిందని నా ఒంటికి ఎందుకు తెలియలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. శక్తి రోజుకు కొంచెం చొప్పున పోతే మనిషి దానికి అలవాటు పడిపోతాడు కాబోలు. 6,500 అడుగుల ఎత్తులో నాలుగు దిక్కుల సగటు 118 నాట్లు. పోయిన తొమ్మిదీ వచ్చాయి, కార్బురేటర్ సీలు పుణ్యమా అని ఇంకొకటి కలిసింది. రేడియోలో దిగుతున్నానని చెప్పేటప్పుడు నా గొంతు వణికింది.

ఖర్చు మొత్తం 3,810 డాలర్లు, ముగ్గురికి పంచితే తలకు 1,270. అందులో స్పీడు మీటరు పరీక్ష, ఫ్లాప్‌ల పని కలిపి 940, ఈ జబ్బుతో సంబంధం లేనివి. పెద్దాయన కూలీ మొత్తం పదిహేను గంటలు, 1,500. అంకెలు చూపించే కార్బన్ మోనాక్సైడ్ పరికరం 160. నాలుగు నెలల్లో అన్నిటికంటే ముందు కొనవలసింది, అన్నిటికంటే చివర కొన్నాం.

నా భార్య మార్చి 1న మళ్ళీ విమానం ఎక్కింది. అమ్మాయిని తీసుకురాలేదు. ఎక్కే ముందు ఆ పరికరాన్ని డ్యాష్ మీద పెట్టబోతే వద్దని తన ఒళ్ళో పెట్టుకుంది. చలిగా ఉంది. హీటర్ వేయమని తనే చెప్పింది. నోట్‌బుక్ కూడా అడిగి తీసుకుని, ఆర్‌పీఎం, వేగం పక్కన ఒక కొత్త గీత గీసింది. ప్రతి పది నిమిషాలకూ పరికరం చూసి ఆ వరుసలో రాసింది. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. ఆర్డ్‌మోర్‌లో దిగేదాకా అలా నాలుగుసార్లు రాసింది.